పెయింట్ డబ్బులు అడ్వాన్సులో పట్టుకోవచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. పై పోర్షన్ నెలకు 10 వేలకు ఇచ్చాం, అడ్వాన్స్ 20 వేలు. నాలుగేళ్లున్నవాళ్లు ఇప్పుడు ఖాళీ చేస్తున్నారు. గోడల నిండా మేకులు, పిల్లల పెన్సిల్ గీతలు. వంటగదిలో సింకు పగిలింది, హాల్లో ఫ్యాన్ కాలిపోయింది. 12 వేలు పట్టుకుంటానంటే గొడవకొచ్చారు. నాది తప్పంటారా?

జవాబు: అమ్మా, సింకు డబ్బులు పట్టుకోండి, రంగుల డబ్బులు మాత్రం వద్దు. నాలుగేళ్లయ్యాక ఆ ఇంట్లో వాళ్లున్నా మీరున్నా రంగు వేయించక తప్పదు కదా. మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకు అద్దెకున్నవాళ్లు బాధ్యులు కారని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోనే ఉంది. ఫ్యాన్ దానంతటది కాలిపోతే అదీ మీదే. పెయింటింగ్‌కని ఒక నెల అద్దె పట్టుకోవడం మన దగ్గర చాలామంది చేస్తారు, కాదనను, కానీ ఆ మాట ఇంట్లో దిగేటప్పుడే చెప్పి అగ్రిమెంటులో రాసుకోవాలి, సామాను లారీకెక్కించాక చెబితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

నా సంగతీ చెబుతాను. మా కింది పోర్షన్ బాత్రూమ్ గోడకు చెమ్మ పట్టింది. అద్దెకున్నవాళ్లు నీళ్లు అదేపనిగా పారబోయడం వల్లేనని 6 వేలు పట్టుకున్నాను. వాళ్లు వెళ్లిన వారానికి ప్లంబర్ వచ్చి టైల్ పగలగొడితే లోపల పైపు జాయింట్ దగ్గర నీళ్లు సన్నగా కారుతున్నాయి, ఇటుకంతా నల్లబడిపోయి ఉంది. అది ఏళ్ల నాటి లీకు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఫోన్ చేసి క్షమించమని అడిగి డబ్బు తిరిగి పంపాను. అప్పటినుంచి తాళాలిచ్చే రోజు ఒక గంట కేటాయిస్తున్నాను. ఇద్దరం కలిసి ఇల్లంతా తిరుగుతాం, ప్రతి గోడా, సింకూ, కుళాయీ, కరెంటు మీటరు రీడింగూ వీడియో తీసి వాళ్లకూ వాట్సాప్‌లో పంపిస్తాను, ఫ్యాన్లెన్ని, గీజరుందా, తాళాలెన్ని అన్నది కాగితం మీద రాసి ఇద్దరం సంతకం పెడతాం. ఆ తర్వాత అడ్వాన్స్ దగ్గర ఒక్కసారి కూడా మాట పెరగలేదు.

ఇంకోటి, మీకు రెండు పోర్షన్లకూ ఒకటే మీటరుంటే కొత్తవాళ్లు దిగేలోపే పైదానికి వేరే మీటరు పెట్టించండి. సబ్ మీటరుతో లెక్కలేసుకోవచ్చు గానీ యూనిట్లన్నీ ఒకే బిల్లులో కలిస్తే పై స్లాబులోకి వెళ్లిపోతుంది. పైగా తెలంగాణలో నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటిచ్చే గృహజ్యోతి పథకం అద్దెకున్నవాళ్లకూ వర్తిస్తుంది, ఒకే మీటరు మీద రెండు కుటుంబాలు కాలిస్తే 200 దాటి అసలు అర్హత ఉన్నవాళ్లకు కూడా మొత్తం బిల్లు పడుతుంది. పాపం, వాళ్ల తప్పేముంది?

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. కూకట్‌పల్లి ఫ్లాట్ 28 వేలకు అద్దెకిచ్చాను, డబ్బు గుంటూరులో ఉన్న నాన్నగారి ఖాతాలో పడుతోంది. ఇప్పుడు అద్దెకున్నాయన నెలనెలా దాదాపు 9 వేలు టీడీఎస్, అంటే అద్దెలోంచే ముందుగా పట్టి ప్రభుత్వానికి కట్టే పన్ను, కోస్తానంటున్నాడు. నెల అద్దె 50 వేలు దాటితేనే కదా కోయాల్సింది?

జవాబు: ఆయన చెప్పిందే కరెక్ట్. ఆ 50 వేల లెక్క ఓనరు ఇండియాలో ఉంటేనే. ఓనరు ఎన్ఆర్ఐ అయితే అద్దె ఎంతైనా 31.2 శాతం కోయాలి, అంటే మీ 28 వేలకు నెలకు 8,736. కోయకపోతే చిక్కుల్లో పడేది ఆయనే, కాబట్టి కోపం తెచ్చుకోకండి, అడిగి చేస్తున్నాడంటే మంచి మనిషి దొరికినట్టే.

ఆ డబ్బు ఎక్కడికీ పోదు. మీ ఏడాది అద్దె 3,36,000. అందులో మీరు కట్టిన ఆస్తి పన్ను, 6 వేలనుకుందాం, తీసేస్తే 3,30,000. దాని మీద 30 శాతం మరమ్మతులకని నేరుగా తగ్గిస్తారు, మీరు ఖర్చు పెట్టినా పెట్టకపోయినా. మిగిలేది 2,31,000. ఇండియాలో మీకు వేరే ఆదాయం లేకపోతే దీనికి పన్నే పడదు, రిటర్న్ వేస్తే కోసిందంతా వెనక్కొస్తుంది. తక్కువ కోయమని ఆదాయపు పన్ను శాఖ నుంచి ముందే సర్టిఫికెట్ కూడా తెచ్చుకోవచ్చు. అద్దె నాన్నగారి ఖాతాలో కాకుండా మీ ఎన్ఆర్ఓ ఖాతాలో (ఇండియాలో వచ్చే ఆదాయం కోసం ఎన్ఆర్ఐలు ఇక్కడ తెరిచే బ్యాంకు ఖాతా) పడేలా మార్చండి, ఎందుకంటే ఎవరి ఖాతాలో పడినా ఆదాయం మీదే. అమెరికాలో వేసే రిటర్న్‌లోనూ ఈ అద్దె చూపించాలి. అలాగే ఏప్రిల్ 30లోపు ఏడాది ఆస్తి పన్ను మొత్తం కట్టేస్తే హైదరాబాద్‌లో 5 శాతం తగ్గింపు ఇస్తూ వస్తున్నారు, అది ఎందుకు వదులుకోవాలి?

ప్రశ్న: విజయవాడలో మా ఇంట్లో ఒకాయన 2012 నుంచి ఉంటున్నారు. 12 ఏళ్లు దాటితే ఇల్లు ఆయనదైపోతుందని చుట్టుపక్కలవాళ్లు భయపెడుతున్నారు. టెన్షన్‌తో చస్తున్నాం.

జవాబు: కాదు. ఆ 12 ఏళ్ల మాట, అసలు యజమానిని కాదని 'ఇది నాదే' అంటూ బాహాటంగా అనుభవించేవాడి గురించి. నెలనెలా మీకు అద్దె కడుతున్నాడంటేనే ఇల్లు మీదని ఒప్పుకుంటున్నట్టు. 11 నెలల అగ్రిమెంటుకూ దీనికీ సంబంధం లేదు, రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పుతుందని చాలామంది 11 నెలలకు రాసుకుంటారు, అంతే. నిజంగా ప్రమాదమెప్పుడంటే, అద్దె ఆగిపోయి, అగ్రిమెంటు లేక, మొహమాటానికి మీరు ఏళ్ల తరబడి ఊరుకుంటే. ఖాళీ చేయించాలనుకుంటే కనీసం 15 రోజుల గడువిచ్చి రాతపూర్వకంగా నోటీసివ్వండి. కోపమొచ్చి కరెంటు పీకేయడం, బయటినుంచి తాళమేయడం చేస్తే కేసు మీ మీదికొస్తుంది. అద్దె ఇప్పటిదాకా చేతికిస్తున్నట్లయితే వచ్చే నెల నుంచి బ్యాంకులో వేయమనండి, పాత రసీదు పుస్తకాలు ఏవి దొరికినా పారేయకుండా కొత్త అగ్రిమెంటుతో కలిపి ఒక ఫైల్లో పెట్టండి.