అరుణాచలానికి వెళ్లండి, హన్మకొండ ఇల్లు మాత్రం అమ్మకండి

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. భూపాలపల్లి గనుల్లో పనిచేసి రిటైరయ్యాను. మా ఆవిడకు 60. హన్మకొండలో రెండంతస్తుల ఇల్లుంది. పై పోర్షన్‌కు 9 వేల కిరాయి వస్తోంది. సీఎంపీఎఫ్ (బొగ్గు గని కార్మికుల ప్రావిడెంట్ ఫండ్) పింఛను 21 వేలు. రిటైర్మెంట్ డబ్బు 46 లక్షలు ఒకే బ్యాంకులో ఎఫ్‌డీ చేశాం. మూడేళ్లుగా పౌర్ణమికి అరుణాచలం వెళ్లొస్తున్నాం, అక్కడే ఉండిపోవాలని ఉంది. ఒక ఆశ్రమం వాళ్లు 30 లక్షలు కడితే ఇద్దరికీ జీవితాంతం గది ఇస్తామంటున్నారు. భోజనం, నిర్వహణకు నెలకు 14 వేలు. ఇల్లు 90 లక్షలు పలుకుతోంది. అమ్మి, ఆశ్రమానికి కట్టగా మిగిలింది కొడుక్కి ఇచ్చేద్దామనుకుంటున్నా. ఆవిడకు రెండేళ్ల కింద గుండెకు స్టెంట్ వేశారు. ఏం చేయమంటారు?

జవాబు: వెళ్లాలన్న మీ కోరికకు మీ డబ్బు సరిపోతుంది. తేడా వస్తున్నది ఇల్లు అమ్మడం దగ్గరే.

ముందు ఆ 30 లక్షల గురించి. అదే మొత్తాన్ని సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో పెడితే, 8.2 శాతం చొప్పున ఏడాదికి 2,46,000, అంటే నెలకు 20,500 వస్తుంది. కాబట్టి ఆశ్రమంలో మీ బతుకు ఖర్చు నెలకు 14 వేలు కాదు, 34,500. ఆ 20,500తో తిరువణ్ణామలైలో (అరుణాచలం ఊరి పేరే ఇది) ఎలాంటి ఇల్లు అద్దెకు దొరుకుతుందో, గిరి ప్రదక్షిణ దారిలో నాలుగిళ్లు అడిగి చూడండి. అప్పుడు ఆ గది ధర మీకే తెలుస్తుంది.

ఇక కాగితం. ఇలాంటిచోట్ల గొడవంతా కాగితం మీద ఒక్క మాట దగ్గరే మొదలవుతుంది. రసీదు మీద ‘విరాళం’ అని ఉంటే ఆ డబ్బు తిరిగి అడిగే హక్కు మీకు దాదాపు ఉండదు. ‘డిపాజిట్’ అని ఉంటే ఎన్ని నెలల్లో, ఎంత కోతతో, ఎవరికి తిరిగిస్తారో అందులోనే రాసి ఉండాలి. గదిని ‘లైసెన్స్’ కింద ఇస్తే అది ఉండటానికి అనుమతి మాత్రమే, ఆస్తిలో హక్కు కాదు. ఏడాదికి మించిన లీజైతే రిజిస్టర్ చేయాల్సిందే. ‘జీవితాంతం’ అన్నది ఎవరి జీవితాంతమో కూడా అడగండి. మీ తర్వాత ఆవిడ అదే గదిలో ఒంటరిగా ఉండొచ్చా? మంచాన పడితే ఉంచుకుంటారా, ఇంటికి తీసుకెళ్లమంటారా? నెలవారీ 14 వేలు ఏటా ఎంత పెంచుతారు? వీటికి నోటి మాట చాలదు. ఆశ్రమాన్ని నడిపే ట్రస్టు పాన్, ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్ కాపీ, భూమి పట్టా చూపించమనండి. ఈసీని (ఆ భూమి మీద జరిగిన అమ్మకాలు, తాకట్టులు చూపే పత్రం) తమిళనాడు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో మీరే తీసుకోవచ్చు. భూమి ట్రస్టు పేరున కాకుండా ఒక వ్యక్తి పేరున ఉంటే అక్కడితో ఆగిపోండి. డిపాజిట్‌ను నగదుగా ఇమ్మన్నా అంతే. 20 వేలు, ఆపైన డిపాజిట్ నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం. మంచి సంస్థ ఏదీ ఈ ప్రశ్నలకు నొచ్చుకోదు.

ఇల్లెందుకు అమ్మొద్దంటే, మీ పింఛనుకు డీఏ (ధరలతో పాటు పెరిగే కరువు భత్యం) లేదు. మీ తోటి రిటైర్డ్ కార్మికులందరికీ తెలిసిన బాధే ఇది. ఇవాళ్టి 21 వేలు పదిహేనేళ్ల తర్వాత కూడా 21 వేలే. ఎఫ్‌డీ వడ్డీ కూడా ధరలతో పాటు పెరగదు. అరుణాచలంలో మీ ఇద్దరి ఖర్చు, మందులు, పరీక్షలు, ఊరికి రాకపోకలు కలిపి నెలకు 30 వేలు అనుకుందాం. ధరలు ఏటా 6 శాతం పెరిగితే పదేళ్లకు అది 54 వేలవుతుంది, పదిహేనేళ్లకు 72 వేలు. మీ చేతిలో ధరలతో పాటు పెరిగేది కిరాయి ఒక్కటే. మీరు ఖాళీ చేసే కింది పోర్షన్‌కు 11 వేలు వచ్చినా మొత్తం కిరాయి 20 వేలు. పింఛను, కిరాయి, 30 లక్షల మీద వడ్డీ కలిపితే నెలకు 61,500. ఇంకా 16 లక్షలు ముట్టకుండా మిగిలే ఉంటాయి. ఇంటి పన్ను, మరమ్మతులు, మధ్యలో ఖాళీగా ఉండే నెలల కోసం కిరాయిలో రెండు నెలలది ఏటా పక్కన పెట్టండి. కిందనే ఒక గది తాళం వేసి మీకోసం ఉంచుకోండి. అగ్రిమెంట్ పదకొండు నెలలకే రాయించి, ఆ గదిని అందులోంచి మినహాయించండి.

46 లక్షలూ ఒకే బ్యాంకులో ఉండటం నాకు ఇంకా పెద్ద భయం. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే. మీకు 15 లక్షలు, ఆవిడకు 15 లక్షలు విడివిడిగా పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ ఖాతాలు తెరవండి. పాన్, ఆధార్, ఫొటోలు, చెక్కు చాలు. ఒకే జాయింట్ ఖాతా వద్దు. మీకేమైనా అయితే ఆవిడకు వచ్చే కుటుంబ పింఛను మీ పింఛను కన్నా తక్కువ, ఆ రోజు తన పేరున నడుస్తున్న ఖాతా ఆమెకు అక్కరకొస్తుంది. వడ్డీ మూడు నెలలకోసారి పడుతుంది. ప్రభుత్వం రేటు మార్చినా, ఖాతా తెరిచిన రోజు రేటే ఐదేళ్లూ ఉంటుంది. ఏడాదిలోపు మూసేస్తే ఇచ్చిన వడ్డీ వెనక్కి తీసుకుంటారు, రెండేళ్లలోపైతే అసల్లో 1.5 శాతం, ఆ తర్వాత 1 శాతం కోస్తారు. ఎఫ్‌డీలను గడువు తీరే వరుసలో మార్చుకుంటే బ్యాంకు కోత తప్పుతుంది.

మిగతా 16 లక్షల్లో 6 లక్షలు దవాఖాన డబ్బు. వెంటనే తీసుకునేలా, ఇద్దరి పేరున ఉండాలి. మిగిలిన 10 లక్షలను బీమా పరిమితి దాటకుండా వేర్వేరు బ్యాంకుల్లో సర్దండి. స్టెంట్ సంగతి తేలిక కాదు. తిరువణ్ణామలైలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రి ఉంది, గుండెకు పెద్ద వైద్యమంటే వేలూరు సుమారు 80 కిలోమీటర్లు. రిటైరైన వాళ్లకు కంపెనీ ఇచ్చే వైద్య కార్డు అక్కడ ఏ ఆస్పత్రిలో చెల్లుతుందో బయల్దేరే ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. కొత్త ఆరోగ్య బీమా తీసుకుంటే స్టెంట్ విషయం దాచకండి. పాత జబ్బులకు మూడేళ్ల దాకా బీమా వర్తించని వెయిటింగ్ ఉండొచ్చు, కాబట్టి ఆలస్యం చేయకండి.

కొడుకు వాటా ఇప్పుడే ఎందుకు? గిఫ్ట్ డీడ్ రిజిస్టరైతే మీకు మీరుగా రద్దు చేసుకోలేరు. మిమ్మల్ని చూసుకోవాలన్న షరతు దస్తావేజులో రాసి ఉంటేనే 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద బలంగా అడగగలరు. దానికి బదులు ఇద్దరూ చెరో వీలునామా రాయండి, ఇద్దరు సాక్షులుంటే చాలు. బతికున్నంత కాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. పన్ను సంగతి కూడా ఒకటుంది: ఇల్లు అమ్మిన లాభాన్ని ఇంకో ఇల్లు కొనడానికి వాడితే దొరికే మినహాయింపు, ఆశ్రమానికి కట్టిన డిపాజిట్‌కు వర్తిస్తుందని నమ్ముకోకండి, అది ఇల్లు కొనడం కాదు.

ఇప్పుడు చేయాల్సింది: ఏడాదికి అక్కడ ఇల్లు అద్దెకు తీసుకుని వెళ్లండి. ఎండాకాలం, కార్తీక దీపం రద్దీ, ఒక జ్వరం, భాష రాని దవాఖాన వరుస, అన్నీ ఆ ఏడాదిలో అనుభవానికి వస్తాయి. పౌర్ణమికి వెళ్లొచ్చే వాళ్లకు కనిపించే ఊరు వేరు, అక్కడ కాపురముండే వాళ్ల ఊరు వేరు. ఆవిడ మాట మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, ఏడాది చివర ముందుగా అడగాల్సింది ఆమెనే. ఇద్దరికీ కుదిరితే అప్పుడు ఆశ్రమం వాళ్లతో డిపాజిట్ తగ్గించి నెలవారీ పెంచే పద్ధతి మాట్లాడండి. మొత్తం పోయినా మీ బతుకు కదలని మొత్తం, అంటే 5 లక్షలకు మించి మాత్రం కట్టకండి. పింఛను లైఫ్ సర్టిఫికెట్‌ను ప్రభుత్వ ఆన్‌లైన్ సేవ జీవన్ ప్రమాణ్‌లో ఫోన్ ద్వారా అక్కడి నుంచే ఇవ్వొచ్చు. ఆధార్‌కు కలిపిన ఫోన్ నంబరు మాత్రం మార్చకుండా ఉంచుకోండి.