నాన్నగారి పెంటాక్స్‌లో రీలు వేయాలా, డిజిటల్ కొనాలా?

మీరు హన్మకొండలో ఉంటున్నారు. సెలవు రోజుల్లో ఫోటోలు తీయాలని ఉంది. ఇంట్లో నాన్నగారి పెంటాక్స్ కె1000 అనే పాత రీలు కెమెరా ఉంది కాబట్టి దాంట్లో రీలు వేసి నేర్చుకోవాలా, లేక సెకండ్‌హ్యాండ్ డిజిటల్ కెమెరా కొనాలా అని అడిగారు. నేను రెండూ వాడుతున్నాను. ముందు డిజిటల్ కొనండి, పెంటాక్స్‌ను మాత్రం అమ్మకండి.

ఖర్చు సంగతి అటుంచండి. ఒకసారి రామప్పకు వెళ్లి, గుడి చూరు కింద ఉన్న మదనికల్లో (స్త్రీ శిల్పాల్లో) ఒకదాన్ని తీసి చూడండి. అది అద్దంలా నునుపు తేలిన నల్లరాయి. కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్‌కు ప్రపంచమంతా మధ్యస్థమైన బూడిద రంగే. ఫ్రేము నిండా నల్లరాయి పెడితే దాన్ని బూడిద చేసి పెడుతుంది, రాతి మీది నిగనిగ పోతుంది. రెండడుగులు వెనక్కి జరిగి ఆకాశాన్ని కలిపారా, ఈసారి మదనిక మసి ముద్ద అవుతుంది. మొదటిదానికి వెలుతురు ఒకటి, ఒకటిన్నర స్టాపు తగ్గించాలి (ఒక స్టాపు తగ్గిస్తే వెలుతురు సగమవుతుంది), రెండోదానికి పెంచాలి. డిజిటల్‌లో ఇది అక్కడే నిలబడి, హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) చూసుకుంటూ సాయంత్రంలోగా నేర్చుకోవచ్చు. రీలయితే 36 ఫోటోలూ అయిపోయి, కడిగి, స్కాన్ అయి వచ్చేసరికి ఏ ఫోటోకు ఏం పెట్టారో గుర్తుండదు.

బతుకమ్మ రోజుల్లో తేడా ఇంకా తెలుస్తుంది. సద్దుల నాటి రాత్రి పద్మాక్షి గుట్ట దగ్గర ఆడవాళ్లు చుట్టూ తిరుగుతూ ఆడుతుంటే 400 ఐఎస్ఓ (వెలుతురుకు స్పందించే వేగం) రీలు చాలదు, చేతులన్నీ చెదిరిపోతాయి. డిజిటల్‌లో 3200 పెట్టి ధీమాగా తీస్తాను. అక్కడి రకరకాల లైట్ల కింద తంగేడు పసుపు పసుపుగానే రావాలంటే వైట్ బ్యాలెన్స్ మార్చుకునే వీలుండాలి. పగటి వెలుతురు కోసం చేసిన కలర్ రీలులో ఆ వీలు లేదు.

మరి నేను రీలు ఎందుకు వదల్లేదంటే, నెగటివ్ ఎక్కువ వెలుతురును బాగా ఓర్చుకుంటుంది. ఇందాకటి మదనికనే హెచ్‌పి5 అనే నలుపు తెలుపు రీలు మీద రాతికి తగ్గట్టు మీటర్ చేసి తీస్తే, వెనక ఆకాశంలో మబ్బులు ఇంకా మిగిలి ఉంటాయి. డిజిటల్‌లో పూర్తిగా తెల్లగా పోయిన చోట తర్వాత తెచ్చుకోవడానికి ఏమీ ఉండదు. ఎండ, నీడ ఒకే ఫ్రేములో పడే వరంగల్ కోట కీర్తి తోరణాల దగ్గరా ఇదే నాకు ఇష్టం.

అయితే రీలు పట్టుకుంటే నలుపు తెలుపే పట్టండి, ఇంట్లోనే కడగండి. అసలు ఆనందం అందులోనే ఉంది. రీలు కడిగే మందు డి-76 డెవలపర్‌ను 20 డిగ్రీల దగ్గర వాడతాం. మే నెలలో మన మిద్దె మీద ట్యాంకు నీళ్లతో ఆ మాటే అనుకోవద్దు. సీసాలను ఐసు నీళ్ల బేసిన్‌లో నిలబెట్టి, థర్మామీటర్ చూస్తూ కూర్చోవాలి. అందుకే నేను ఎక్కువగా చలికాలంలో కడుగుతాను. కలర్‌కు 38 డిగ్రీలు కావాలి, అదీ అటూ ఇటూ కాకుండా నిలకడగా ఉండాలి. ఆ రీళ్లను కొరియర్‌లో ల్యాబ్‌కు పంపేస్తాను. ఇంకోటి, కడిగిన నెగటివ్‌ను లైట్ ప్యానెల్ మీద పెట్టి డిజిటల్ కెమెరాతోనే ఫోటో తీసుకుంటాను, అదే నా స్కానింగ్. అంటే రీలు వాడేవాళ్లకూ డిజిటల్ అవసరమే.

కొనేటప్పుడు మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని డిజిటల్ కెమెరా) చూడండి. పెంటాక్స్ లెన్సులను దానికి బిగించే కె-మౌంట్ అడాప్టర్ దొరుకుతుంది, నాన్నగారి 50 ఎంఎం లెన్సు దానికే పెట్టుకోవచ్చు. ఫోకస్, అపర్చర్ చేత్తో తిప్పాల్సిందే. రీలు ఫ్రేము కన్నా చిన్నదైన ఏపీఎస్-సి సెన్సార్ మీద అది దాదాపు 75 ఎంఎంలా కనిపిస్తుంది, మనుషుల ఫోటోలకు చక్కగా కుదురుతుంది.

ఈలోగా పెంటాక్స్ వెనక మూత తెరవండి. అంచుల్లోని నల్ల స్పాంజి వేలికి జిగురుగా అంటితే మార్పించాలి, లేదంటే వెలుతురు లోపలికి దూరుతుంది. లెన్సును టార్చికి ఎదురుగా పట్టి, సాలెగూడు లాంటి ఫంగస్ ఉందేమో చూడండి. కె1000కు బ్యాటరీ మీటర్ కోసమే, షట్టర్‌కు అక్కర్లేదు. ఒక సెకను మీద పెట్టి నొక్కితే నిండుగా ఒక సెకను తెరుచుకుంటుందో లేదో ఈ రోజే చూసుకోవచ్చు.