తాళం తిప్పితే ‘టక్’మంటోంది, ఇంజిన్ తిరగడం లేదు

ప్రశ్న: మాది మూడు సిలిండర్ల పాత డీజిల్ ట్రాక్టరు. పొద్దున తాళం తిప్పగానే అందుకుంటుంది. దమ్ము (నీళ్లు పెట్టిన మడిని బురదగా దున్నడం) మధ్యలో అన్నానికి ఆపి మళ్లీ తిప్పితే ‘టక్’మని ఒక్క చప్పుడు, అంతే. గంట చల్లారితే మళ్లీ మామూలే. ఇగ్నిషన్ పోయిందని ఒకరు, బ్యాటరీ పోయిందని ఒకరు అన్నారు. బ్యాటరీ కొత్తది వేసినా అదే తీరు. ఏం చూడాలి?
– ఒక రైతు, విడవలూరు మండలం, నెల్లూరు జిల్లా

జవాబు: ముందు ‘ఇగ్నిషన్’ అన్న అనుమానం వదిలేయండి. డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్గూ లేదు, కాయిలూ లేదు. సిలిండర్‌లో గాలి అణిగి వేడెక్కితే డీజిల్ దానంతటదే అంటుకుంటుంది. స్టార్టింగ్‌లో తాళానికి ఉన్న పనల్లా ఇంజిన్‌ను తిప్పే సెల్ఫ్ మోటారు మీది సాలినాయిడ్‌కు (లావు వైరు కరెంటును మోటారుకు కలిపే స్విచ్) కరెంటు పంపడమే. అది ‘టక్’మంటోందంటే తాళం, సన్న వైరు, క్లచ్ దగ్గరి సేఫ్టీ స్విచ్ చాలావరకు బాగున్నట్టే. అసలు చప్పుడే లేకుంటే వాటిని చూడాలి. ‘టకటకటక’మని కొట్టుకుంటే బ్యాటరీ దిగిపోవడమో, టెర్మినల్ వదులో. మీ జబ్బు లావు వైర్ల దారిలో గానీ, మోటారులో గానీ ఉంది.

మొరాయించినప్పుడే పరీక్షించాలి, చల్లారాక చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజిన్ అందుకోకుండా స్టాప్ నాబ్ లాగి ఉంచండి. హెడ్‌లైట్లు వేసి ఒకరిని తాళం తిప్పమనండి. లైట్లు ఒక్కసారిగా మసకబారితే కరెంటు మోటారుదాకా పోతోంది, మోటారే బిగుసుకుంటోంది. లైట్లు అలాగే వెలుగుతుంటే దారిలో ఎక్కడో తెగింది.

అది ఎక్కడో మల్టీమీటరు చెబుతుంది. డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. మీటరు పుల్లలు వైరు క్లాంపుకు కాదు, బ్యాటరీ సీసపు మొలకే తగలాలి. రీడింగు తాళం తిప్పి పట్టుకున్నప్పుడే తీయాలి. బ్యాటరీ నెగటివ్ మొల నుంచి సెల్ఫ్ మోటారు బాడీకి 0.3 వోల్టు దాటితే ఎర్త్ (నెగటివ్‌ను బండి ఇనుముకు కలిపే దారి) పాడైంది. పాజిటివ్ మొల నుంచి సాలినాయిడ్ లావు బోల్టుకు 0.5 దాటితే ఆ కేబులో, దాని జాయింటో. ఇక సాలినాయిడ్ రెండు లావు బోల్టుల మధ్య: తిప్పకముందు 12 ఉంటుంది, ‘టక్’మనగానే సున్నా దగ్గరికి పడాలి. పడకుండా 12 దగ్గరే నిలిస్తే లోపలి రాగి బిళ్ల కాలిపోయింది. సాలినాయిడ్ ఒక్కటి మారిస్తే సరి, మోటారు మొత్తం కొననక్కర్లేదు.

వేడికే ఎందుకంటే, రాగి వైరు నిరోధం ప్రతి 10 డిగ్రీలకు సుమారు 4 శాతం పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఎలాగో నెట్టుకొచ్చే చిలుము పట్టిన జాయింటు, బలం తగ్గిన సాలినాయిడ్ చుట్టలు ఇంజిన్ కాగాక చేతులెత్తేస్తాయి. మీది సముద్రపు గాలి తగిలే ఊరు, ఉప్పుతో టెర్మినళ్లకు పచ్చ చిలుము త్వరగా పడుతుంది. మొదట నెగటివ్ విప్పండి. వేడినీళ్లలో తినే సోడా కలిపి కడిగి, వైరు బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది, బిగించాక వాజిలీన్ పూయండి. కడిగిన నీళ్లు సెల్‌లోకి పోనివ్వకండి. నెగటివ్ చివర బిగించాలి. ఎర్త్ పట్టీ ఛాసిస్‌కు కలిసే చోట రంగు గీకేయడం మరవద్దు. కొత్తగా పెయింట్ వేయించిన బండ్లకు ఈ రోగం మామూలే.

రీడింగులన్నీ సరిగా ఉన్నా తిరగలేదంటే మోటారు విప్పాల్సిందే. దమ్ములో చిమ్మిన బురద నీళ్లు లోపలికి చేరి తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు గూళ్లలో ఇరుక్కుంటాయి. బుష్‌లు (ఇరుసును మోసే కంచు గొట్టాలు) అరిగితే ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) ఒక పక్కకు వాలి చుట్టూ ఉన్న పోల్ షూలను (కదలని ఇనుప దిమ్మలు) రాసుకుంటుంది, ఆ మెరుపు గీతలు కంటికే కనిపిస్తాయి. కొత్త కంచు బుష్‌లను ఒక రాత్రంతా శుభ్రమైన ఇంజిన్ ఆయిల్లో నానబెట్టి వేయించండి. అది చేయకనే చాలా బుష్‌లు ముందే పోతాయి.

స్క్రూడ్రైవర్‌తో సాలినాయిడ్ బోల్టులు కలిపి ‘డైరెక్ట్’ కొట్టడం మానండి. ఆ అలవాటు పొలాల్లో ఎక్కువ. అలా కొడితే సేఫ్టీ స్విచ్ పనిచేయదు, బండి గేరులో ఉంటే చక్రం పక్కన నిలబడ్డ మనిషి మీదికే వస్తుంది.

ప్రశ్న: సెల్ఫ్ జోరుగా తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. సైలెన్సర్ నుంచి పొగ కూడా రాదు.
– ఒక పాఠకుడు, పొదిలి

జవాబు: పొగ అసలే లేదంటే సిలిండర్‌కు డీజిల్ చేరడం లేదు. ముందు స్టాప్ కేబుల్ చూడండి. నాబ్ లోపలికి నొక్కినా తుప్పుతో కేబుల్ బిగుసుకుని ఇంజెక్షన్ పంపు (ఇంజెక్టర్లకు డీజిల్ నెట్టే పంపు) మీది లివర్ ‘ఆపు’ దగ్గరే ఉండిపోతుంది. చేత్తో లివర్ వెనక్కి తోసి చూస్తే తెలిసిపోతుంది. అది సరిగా ఉంటే డీజిల్ దారిలో గాలి చేరింది. ట్యాంకు కుళాయి తెరిచి, ఫిల్టర్ మీది బ్లీడింగ్ స్క్రూ (గాలి వదిలే స్క్రూ) వదులు చేసి, ట్యాంకు డీజిల్‌ను ముందుకు పంపే ఫీడ్ పంపు లివర్‌ను చేత్తో కొట్టండి. బుడగలు పోయి డీజిల్ ధారగా వచ్చాక బిగించి, ఇంజెక్షన్ పంపు మీది స్క్రూ దగ్గర మళ్లీ అలాగే చేయండి. తర్వాత ఇంజెక్టర్లకు (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేవి) వచ్చే పైపుల నట్లు అర చుట్టు వదిలి సెల్ఫ్ కొట్టాలి. కొట్టేటప్పుడు ఒక్కోసారి 10 సెకన్లకు మించొద్దు, మధ్యలో అర నిమిషం ఆపండి. డీజిల్ చిమ్మగానే నట్లు బిగించండి.

తెల్లపొగ వస్తుంటే కథ వేరు: డీజిల్ చేరుతోంది, మండటం లేదు. హీటర్ ప్లగ్గులు (ఇవి నిప్పురవ్వ ఇచ్చేవి కావు, స్టార్టింగ్‌కు ముందు వేడి ఇచ్చేవి) ఒకదాని వెనక ఒకటిగా కలిపిన పాత ఇంజిన్లలో ఒక్కటి తెగినా అన్నీ చల్లబడతాయి. టెస్ట్ బల్బుతో వరసగా తాకుతూ పోతే వెలుగు ఆగిన చోటికి ముందున్న ప్లగ్గే పోయినట్టు.