స్పెయిన్‌లో కారేసుకుని తిరగాలంటే: మాధవికి బాబాయి ఉత్తరం

చి.ల.సౌ. మాధవికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన ప్లాను చూశాను. బార్సిలోనా, వాలెన్సియా, గ్రనాడా, సెవిల్, శాన్ సెబాస్టియన్, మాడ్రిడ్. పది రాత్రుల్లో ఇన్ని ఊళ్లు పెట్టుకుంటే చూసేది హైవే, తినేది పెట్రోలు బంకులో శాండ్‌విచ్. బార్సిలోనా నుంచి సెవిల్ ఒక్కటే దాదాపు వెయ్యి కిలోమీటర్లు. తిండి కోసం, పాత కోటల్లో బస కోసం వెళ్తున్నామన్నారు కదా, అయితే ఒక్క మూల పట్టుకోండి.

నా సలహా ఇది. మాడ్రిడ్‌లో దిగి దక్షిణంగా లా మాంచా, అక్కణ్ణుంచి ఆండలూసియా, తిరుగు దారిలో ఎస్త్రెమదూరా చూసుకుని మళ్లీ మాడ్రిడ్. అల్మాగ్రోలో రెండు రాత్రులు, ఉబేదాలో రెండు, కర్మోనాలో రెండు, సఫ్రాలో ఒకటి, త్రుహీయోలో రెండు, ఆఖరి రాత్రి మాడ్రిడ్. చుట్టు మొత్తం 1,200 కిలోమీటర్లు, పక్క ఊళ్ల తిరుగుళ్లతో 1,500 వేసుకో. ఉత్తరాన సెగోవియా, బుర్గోస్ వైపు గొప్పగా చెప్పుకునేదంతా కట్టెల పొయ్యిలో కాల్చిన పాలు తాగే పంది పిల్ల, గొర్రెపిల్ల. శాకాహారి అయిన మీ అత్తగారు అక్కడ రొట్టె, సలాడు తిని లేవాలి. దక్షిణాన వంకాయ, సెనగలు, పాలకూర, ఆలివ్ నూనె ఉంటాయి.

బసకి పరడోర్లు చూడు. ఇవి స్పెయిన్ ప్రభుత్వ హోటళ్లు. మొదటిది 1928లో గ్రెదోస్ కొండల్లో తెరిచారు, ఇప్పుడు వందకి దగ్గరగా ఉన్నాయి. పాత కోటలు, కాన్వెంట్లు, ప్రభువుల భవనాలు బాగుచేసి హోటళ్లు చేశారు. అయితే పరడోర్ అన్నదల్లా పాత కట్టడం కాదు. కోర్డోబా, టొలెడో, సెగోవియాల్లో ఉన్నవి కొత్త భవనాలు, ఊరికి ఎడంగా కట్టినవి. పేరు చూసి బుక్ చేస్తే చరిత్ర బదులు కాంక్రీటు దొరుకుతుంది. నేను చెప్పిన ఐదు ఊళ్లలోవి మాత్రం పాత కోటలు, కాన్వెంట్లు, భవనాల తాలూకువే. అల్మాగ్రోది 16వ శతాబ్దపు ఫ్రాన్సిస్కన్ కాన్వెంటు. ఉబేదాది అదే శతాబ్దపు భవనం, హోటలుగా 1930 నుంచి నడుస్తోంది. కర్మోనాది పేద్రో రాజు పాత కోట ఆవరణలో ఉంది. సఫ్రాది ఫేరియా ప్రభువుల 15వ శతాబ్దపు కోట, త్రుహీయోది శాంతా క్లారా కాన్వెంటు.

పాత కట్టడాల్లో కూడా కొన్ని గదులు వెనక తర్వాత కట్టిన భాగంలో ఉంటాయి. బుక్ చేశాక ఈమెయిలు రాసి పాత భాగంలో గది కావాలని అడుగు. మీ అత్తగారి మోకాళ్ల సంగతి కూడా అందులోనే రాయి, ఎందుకంటే కాన్వెంట్లలో లిఫ్టు ఉన్నా గది దాకా నాలుగైదు మెట్లు తగులుతుంటాయి. ఆదివారం నుంచి గురువారం దాకా రేట్లు తక్కువ. 55 దాటినవాళ్లకి వేరే తగ్గింపు రేటు ఉంది, అత్తగారి పేరున గది తీస్తే అది అడగొచ్చు. సభ్యత్వం ఉచితం, ముందే తీసుకో. గ్రనాడా పరడోర్ అల్హంబ్రా ఆవరణలోనే ఉంది కాబట్టి అన్నిటికన్నా ఖరీదు, అన్నిటికన్నా ముందు నిండేదీ అదే. ఈసారికి దాన్ని వదిలెయ్యి.

ఎప్పుడు వెళ్లాలి? జులై, ఆగస్టు వద్దు. కోర్డోబా, సెవిల్ 40 డిగ్రీలు దాటుతాయి, చిన్న హోటళ్లు సెలవులకి మూసేస్తారు. అక్టోబరు మూడో వారంలో బయల్దేరండి. లా మాంచాలో కుంకుమపువ్వు కోత, హాయెన్ జిల్లాలో కొత్త ఆలివ్ నూనె, ఎస్త్రెమదూరాలో పందులు ఓక్ చెట్ల కింద సింధూర కాయలు మేసే కాలం, మూడూ అప్పుడే కలుస్తాయి. రెండు తేదీలు చూసుకో. అక్టోబరు 12, నవంబరు 1 జాతీయ సెలవులు, వాటికి అటూ ఇటూ గదులు దొరకవు. అక్టోబరు చివరి ఆదివారం గడియారం గంట వెనక్కి తిప్పుతారు. ఆ రోజు నుంచి సాయంత్రం ఆరున్నర దాటితే చీకటే, అందుకని డ్రైవింగంతా పగలే పెట్టుకోవాలి.

ఇక అసలు సంగతి. రోజుని మధ్యాహ్న భోజనం చుట్టూ కట్టు. అక్కడ మధ్యాహ్నం భోజనం రెండు గంటలకి, నాలుగుకల్లా వంటగది మూత. రాత్రి తొమ్మిదికి గానీ మళ్లీ పొయ్యి వెలగదు. మన అలవాటు ప్రకారం పన్నెండున్నరకి ఆకలేసి వెళ్తే బార్లో కాఫీ ఇస్తారు. చూసినవి చూస్తూ నాలుగున్నరకి వెళ్తే అదీ ఉండదు. కాబట్టి తొమ్మిదింటికి హోటల్లో గట్టిగా టిఫిను, పదికి బయల్దేరి పన్నెండున్నర కల్లా ఊరు చేరడం, కారు పెట్టి కాస్త తిరిగి రెండింటికి కూర్చోవడం, తర్వాత హోటలు గది, నడుం వాల్చడం. రాత్రికి తేలిగ్గా తినండి. సోమవారాల్లో చాలా భోజన హోటళ్లు మూత, ఆదివారం రాత్రి కూడా అంతే. ఊరు మారే రోజు సోమవారం పడితే పరడోర్‌లోనే తినండి. వాళ్ల రెస్టారెంట్లలో ఆ ప్రాంతం వంటే వండుతారు.

సోమవారం నుంచి శుక్రవారం దాకా మధ్యాహ్నం 'మెనూ దెల్ దియా' అడుగు. మొదటి వంటకం, రెండోది, తీపి లేదా కాఫీ, రొట్టె, తాగడానికి ఏదో ఒకటి, అన్నీ కలిపి ఒక ధర. మామూలు కార్డులో చూసి తెప్పిస్తే ఒక్కో 'రాసియోన్' ఇద్దరికి సరిపోతుంది, సగం కావాలంటే 'మేదియా రాసియోన్'. నలుగురూ తలా ఒకటి చెప్తే బల్ల చాలదు. కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలని 2022 నుంచి చట్టం ఉంది, 'ఆగ్వా దెల్ గ్రీఫో' అని అడుగు. అడక్కపోతే సీసా తెచ్చి బిల్లు వేస్తారు.

మాడ్రిడ్ నుంచి అల్మాగ్రో రెండుంపావు గంటలు. దారిలో ఏ-4 హైవే వదిలి కొన్సుయెగ్రా వెళ్లండి. గుట్ట మీద వరసగా గాలిమరలు, కింద కుంకుమపువ్వు తోటలు. అక్టోబరు చివరి వారాంతంలో అక్కడ కుంకుమపువ్వు పండగ. పువ్వు తెల్లవారుజామునే కోస్తారు, ఎండెక్కితే వాడిపోతుంది. అదే రోజు ఆడవాళ్లు బల్లల చుట్టూ కూర్చుని ఊదారంగు రేకులు విప్పి మూడు ఎర్ర పోచలు గిల్లి తీసి, జల్లెడ మీద సన్నటి సెగన ఆరబెడతారు. ఒక గ్రాముకి 150కి పైగా పువ్వులు కావాలి. కొనేటప్పుడు లా మాంచా ముద్ర ఉన్న పోచలే తీసుకో. దుకాణాల్లో పక్కనే చవగ్గా పసుపచ్చ పొడి పొట్లాలు పెడతారు, అది అన్నానికి కలిపే రంగు.

అల్మాగ్రోలో మీ అత్తగారికి పండగే. అక్కడి వంకాయ ఊరగాయ ఆ ఊరి గుర్తు. నిమ్మకాయంత లేత వంకాయలు, తొడిమా ముచ్చికా తియ్యకుండా ఉడకబెట్టి, వెనిగరు, ఉప్పు, జీలకర్ర, వెల్లుల్లి, మిరపపొడి వేసిన నీళ్లలో ఊరేస్తారు. కొన్నిటిని చీల్చి ఎర్ర మిరప ముక్క కూరి సోంపు పుల్లతో గుచ్చుతారు. తొడిమ పట్టుకుని కొరకడమే. కారం లేదు, పులుపు జాస్తి. మన గుత్తివంకాయ ఆశించి తింటే నిరాశ. మిగతావాళ్లు పక్కన మాంచేగో జున్ను ముక్క పెట్టుకుంటే కుదురుతుంది. పిస్తో అని టమాటా, సొరకాయలాంటి జుకీనీ, బెల్ పెప్పర్ ఆలివ్ నూనెలో బాగా మగ్గించిన కూర కూడా తెప్పించు. పైన గుడ్డు వేస్తారు, వద్దని ముందే చెప్పాలి. సాయంత్రం 17వ శతాబ్దపు నాటకశాల చూడండి.

అల్మాగ్రో నుంచి దెస్పెన్యాపెరోస్ కనుమ దాటితే కనుచూపు మేరా ఆలివ్ చెట్లే. ఉబేదా, తొమ్మిది కిలోమీటర్ల దూరంలో బాయెసా, రెంటినీ 2003లో యునెస్కో జాబితాలో చేర్చారు. కాయ పచ్చిగా ఉండగానే తీసిన నూనె కొత్త పంటది దొరికితే తప్పకుండా రుచి చూడండి. అక్కడి ఆలివ్ పికువాల్ రకం. నాలుక మీద చేదు, గొంతులో మిరియపు ఘాటు. పాడైందేమో అనుకుంటారు మనవాళ్లు. ఆ ఘాటే తాజాదనానికి రుజువు. సీసా మీద 'విర్హెన్ ఎక్స్‌త్రా' అనీ, ఏ పంటదో ఏడాదీ ఉండాలి. తేటగా కనబడే గాజు సీసా కొనకు, వెలుతురుకి నూనె త్వరగా పాడవుతుంది. రేకు డబ్బా అయితే సూట్‌కేసులో పగిలే భయమూ లేదు.

కర్మోనాకి వెళ్లే దారిలో కోర్డోబా. అక్కడ మధ్యాహ్నం సాల్మొరేహో తినండి. టమాటా, రొట్టె, వెల్లుల్లి, ఆలివ్ నూనె కలిపి మెత్తగా రుబ్బిన చల్లటి చిక్కటి సూపు. పైన హామ్ (పంది తొడ మాంసం) తురుము, గుడ్డు చల్లుతారు, రెండూ లేకుండా అడుగు. వేయించిన వంకాయ ముక్కల మీద చెరకు పాకం పోసిన వంటకం కూడా ఆ ఊరిదే. సామాను కారులో కనబడేలా వదిలి మసీదు-కేథడ్రల్‌కి వెళ్లకండి. అద్దె కారు పగలగొట్టే దొంగలకి అలాంటి చోట్లే అనుకూలం. మనుషులున్న గారేజీలో పెట్టి, సామానంతా డిక్కీలో పట్టేలా చూసుకో. కర్మోనా నుంచి సెవిల్‌కి కారు తియ్యకు, బస్సుంది. అక్కడ సెనగలతో పాలకూర, జీలకర్ర ఘాటుతో వండింది, మీ అత్తగారికి ఇంటి కూరలాగే ఉంటుంది.

ఎస్త్రెమదూరా అల్లుడి రాజ్యం. పంది తొడ హమోన్‌కి కాలి దగ్గర రంగు పట్టీ ఉంటుంది, దాన్ని చూసే కొనాలి. నలుపంటే పూర్తి ఇబేరియన్ జాతి, సింధూర కాయలు మేసింది. ఎరుపంటే మేత అదే, జాతి సంకరం. ఆకుపచ్చంటే బయట తిరిగింది గానీ దాణా కూడా తిన్నది. తెలుపు పూర్తిగా దాణా. హోటల్లో 'ఇబేరికో' అన్న మాట ఒక్కటి చూసి నలుపు ధర ఇవ్వొద్దు, ఏ పట్టీ అని అడగండి. చేత్తో పల్చగా కోసిందే తినండి, పళ్లెంలో కొవ్వు అద్దంలా మెరుస్తూ గది వేడికే కరుగుతుండాలి. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే పెడితే ఆ రుచి రాదు.

సఫ్రా నుంచి త్రుహీయో వెళ్తూ మెరిదాలో రోమన్ థియేటరుకి మూడు గంటలు కేటాయించు. త్రుహీయోలో తోర్తా దెల్ కాసర్ అనే గొర్రెపాల జున్ను. స్పెయిన్ జున్నుల్లో చాలావాటిని దూడ పొట్టలోంచి తీసిన పదార్థంతో విరుస్తారు, అది తెలిస్తే అత్తగారు ముట్టరు. ఇది మాత్రం అడవి ముళ్ల మొక్క పువ్వుతో విరిచింది, నిశ్చింతగా పెట్టొచ్చు. తినడానికి రెండు గంటల ముందే బయట పెట్టి, పైపొర మూతలా కోసి తీసి, లోపలి ముద్దని రొట్టెతో తోడుకోవాలి. ముక్కలుగా కోస్తే అంతా కారిపోతుంది.

ఆవిడ తిండి గురించి ఇంకో రెండు మాటలు. 'మాంసం లేకుండా' అంటే చాలు అనుకోకు. అక్కడ హామ్, ట్యూనా చేప ఆ లెక్కలోకి రావని చాలామంది ఉద్దేశం. మామూలు సలాడ్ మీద కూడా ట్యూనా వేసి తెస్తారు. 'సిన్ కార్నె, సిన్ హమోన్, సిన్ పెస్కాదో, సిన్ అతూన్, సిన్ ఉయెవో' (మాంసం, హామ్, చేప, ట్యూనా, గుడ్డు లేకుండా) అని కాయితం మీద రాసుకుని చూపించు. పప్పుల సూపుల్లో మాంసం ఉడికించిన నీళ్లు కలుస్తాయి, అదీ అడుగు. చలికాలం మిఠాయిలు మంతెకాదో, పొల్వొరోన్ పంది కొవ్వుతో చేస్తారు, చూడ్డానికి సున్నుండల్లా అమాయకంగా ఉంటాయి. కందిపొడి, ఆవకాయ పట్టుకెళ్లండి. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు. యూరప్‌లోకి బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తేవడం నిషేధం.

కారు. అల్లుడు మన లైసెన్సుతో పాటు ఆర్టీవో దగ్గర ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి, ఏడాది చెల్లుతుంది. రెండూ ఒరిజినల్స్ వెంట ఉండాలి. కారు ఎవరి పేరున తీస్తే వాళ్ల పేరుతోనే క్రెడిట్ కార్డు అడుగుతారు, డెబిట్ కార్డుతో కౌంటరు దగ్గర ఆగిపోయేవాళ్లు చాలామంది. గేరు మార్చే కారే ఇస్తారు, ఆటోమేటిక్ కావాలంటే ముందే చెప్పాలి. కుడి వైపు నడపడం కొత్త కాబట్టి ఆటోమేటిక్కే తీసుకోండి. నలుగురికి నాలుగు పెద్ద పెట్టెలు ఏ మామూలు కారులోనూ పట్టవు. రెండు పెద్దవి, రెండు చిన్నవి చాలు. మోటర్‌వేలో గంటకి 120, మామూలు రోడ్ల మీద 90, ఊళ్లో ఒక్కో వైపు ఒకే వరస ఉన్న వీధిలో 30. రౌండెబౌట్లో లోపల తిరుగుతున్న బండికి దారివ్వాలి. ఎడమ వరస దాటడానికే, దాటగానే కుడికి రావాలి. బంకులో 'గసోలియో' అంటే డీజిల్, పెట్రోలు కారుకి అది కొట్టించకండి.

పాత ఊళ్లలో ఫోను మ్యాపు చూపిన సందుల్లోకి దూరకండి. అద్దాలు మడిచినా పట్టని సందులున్నాయి, కొన్నిటికి కెమెరా కాపలా కూడా. జరిమానా అద్దె కంపెనీకి వెళ్తుంది, వాళ్లు సొంత ఫీజు కలిపి నీ కార్డులో లాగుతారు. ఊరి అంచున ఆగి పరడోర్‌కి ఫోను చేసి ఏ గేటు గుండా రావాలో అడుగు. కర్మోనాలో ఇది మరీ ముఖ్యం.

వీసా దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే తీసుకుంటారు, ఆఖరి గడువు పదిహేను రోజుల ముందు. హోటల్ బుకింగులు చూపాలి కాబట్టి రద్దు చేసుకునే రేటులోనే గదులు తియ్యి. వీసా వచ్చాక చవక రేటు దొరికితే మార్చుకోవచ్చు. ముందు ఉబేదా, త్రుహీయో గదులు పట్టు. నవంబరు 1 సెలవు మీ తేదీల్లో ఎక్కడ పడుతుందో చూసి నాకు రాయి, దాన్ని బట్టి సఫ్రా ఉంచాలో మెరిదా చెయ్యాలో చెప్తాను.

మీ బాబాయి