బిగింపు వేరు, బిగువు వేరు

సందేహం: విమానాల్లో వాడే కాంపోజిట్ పలకలను (కార్బన్ నారల పొరలను రెజిన్ అనే జిగురు పదార్థంతో కలిపి గట్టిపరిచినవి) బోల్టులతో కలపడం గురించి విద్యార్థులకు ‘కాంపోజిట్ కీళ్లు’ అనే పాఠం రాస్తున్నాను. అందులో “వేడికి బోల్టు బిగింపు పెరుగుతుంది, చలికి బోల్టు సడలింపు జరుగుతుంది” అని రాశాను. తోటి ఉపాధ్యాయుడు ఒకరు ఈ వాక్యం సరికాదంటున్నారు. బిగింపు, బిగువు, బిగుతు మూడూ ఒకటే కదా?

సమాధానం: ఒకటి కావు. మీ పాఠంలో ఆ తేడా తెలిసి తీరాలి.

‘ముడి బిగుసుకుంది’ అంటే దానంతట అదే జరిగింది. ‘ముడి బిగించాడు’ అంటే చేసినవాడు ఒకడున్నాడు. తగ్గించు నుంచి తగ్గింపు, మళ్లించు నుంచి మళ్లింపు వచ్చినట్టే బిగించు నుంచి బిగింపు వచ్చింది. కాబట్టి బిగింపు అంటే మనిషి చేసే పని. టార్క్ రెంచ్ (టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, కొలిచే పానా) పట్టుకుని నట్టు తిప్పడం బిగింపు.

బిగువు అలా కాదు. ‘పంటి బిగువున నొప్పి ఓర్చుకుంది’ అంటాం. ఆ పట్టు లోపల ఉంటుంది, పైకి కనబడదు. నట్టు తిప్పాక బోల్టులో మిగిలేది సరిగ్గా అదే. బోల్టు రవ్వంత సాగి, మళ్లీ దగ్గరకు రావాలని చూస్తుంది. ఆ లాగుడే పలకలను అదిమి పట్టి ఉంచుతుంది. పొరలుపొరలుగా ఉండే కాంపోజిట్‌కు ఈ అదుము చాలా మేలు చేస్తుంది. బరువు పడినప్పుడు రంధ్రం అంచున పొరలు విడిపోయి ఉబ్బకుండా వాషరు కింద నొక్కి ఉంచేది ఇదే. అయితే బిగువు మరీ ఎక్కువైతే వాషరు కింద రెజిన్ నలిగిపోతుంది.

బిగింపు ఎంతో బిగువు అంత అనుకోవడమూ పొరపాటే. నట్టు తిప్పడానికి పెట్టిన శ్రమలో ఇంచుమించు 10వ వంతే బోల్టును సాగదీయడానికి పనికొస్తుంది. మిగతాది నట్టు కిందా, బోల్టు మరల్లోనూ (త్రెడ్లలోనూ) రాపిడికే పోతుంది. టార్క్ కొలిచేది బిగింపునే, బిగువును కాదు.

ఇక మీ వాక్యం సంగతి. కార్బన్ నారలు పలక వెంట పరుచుకుని ఉంటాయి. నార వెంబడి వ్యాకోచం దాదాపు సున్నా. మందం వైపు మాత్రం రెజిన్‌ను పట్టి ఉంచే నారలు లేవు కాబట్టి, ఆ దిశలో పలక టైటానియం కంటే సుమారు 3 రెట్లు వ్యాకోచిస్తుంది. బోల్టు వెళ్లేదీ ఆ మందం గుండానే. (అల్యూమినియం అయితే కార్బన్‌కు తగిలి తుప్పు పడుతుంది, అందుకే టైటానియం బోల్టులు వాడతారు.) వేడెక్కితే పలక మందం పెరుగుతుంది, బోల్టు అంతగా పొడవు పెరగదు, దాంతో బిగువు పెరుగుతుంది. 11 కిలోమీటర్ల ఎత్తున బయట సుమారు మైనస్ 55 డిగ్రీల చలిలో ఇది తిరగబడి, బిగువు తగ్గుతుంది. నట్టును ఎవరూ ముట్టుకోలేదు, అది వెంట్రుకవాసి కూడా తిరగలేదు. అలాంటప్పుడు ‘బిగింపు పెరిగింది’ అని ఎలా అంటాం?

సడలింపుదీ ఇదే తీరు. నిబంధనల సడలింపు అంటే ఎవరో సడలించారని అర్థం. బోల్టు విషయంలో ఎవరూ సడలించడం లేదు. అదుము కింద రెజిన్ రోజులు గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా పక్కకు జరిగిపోతుంది, వేడిలో ఇంకా త్వరగా జరుగుతుంది. అందుకే ‘బిగువు సడలుతుంది’ అనాలి. ఒకే వేడి బిగువును అప్పటికప్పుడు పెంచుతుంది, ఎక్కువసేపు ఉంటే సడలేలా కూడా చేస్తుంది. చలికి తగ్గడం వేరు, కాలానికి సడలడం వేరు. మీ వాక్యంలో ఆ రెండూ కలిసిపోయాయి. ఇలా మార్చండి: “టైటానియం బోల్టు బిగువు వేడికి పెరుగుతుంది, చలికి తగ్గుతుంది, కాలం గడిచేకొద్దీ సడలుతుంది.”

బిగుతు అనేది సందుకు సంబంధించిన మాట. చొక్కా బిగుతు, చెప్పు బిగుతు. రంధ్రంలో బోల్టు బిగుతుగా దూరి ఉండొచ్చు, నట్టే వేయకపోతే దానిలో బిగువు ఉండదు.

పాఠం పేరులో ‘కీళ్లు’ కూడా మార్చమని నా సలహా. కీలు అంటే మోకాలిలా, మోచేతిలా కదిలేది. ఇక్కడ కదలకూడదనే కదా బోల్టు వేస్తున్నాం! ‘అతుకులు’ అంటే జిగురు గుర్తొస్తుంది. పిల్లలకు తెలిసిన ‘జాయింట్లు’ అనే రాయండి.