అందరూ ‘సైట్ బాగుంది’ అంటారు, ఆర్డర్లు మాత్రం రావు

ప్రశ్న: మాది మంగళగిరి. బీకాం చివరి సంవత్సరం చదువుతున్నాను. ఇంట్లో నేసిన చీరలు అమ్మడానికి ఆర్నెల్ల కిందట వెబ్‌సైట్ పెట్టాను. చూసేవాళ్లున్నారు, కొనేవాళ్లు లేరు. స్నేహితులేమో బాగుందంటున్నారు. ఇంకెవరిని అడగాలి? ఈ అనుభవం ఉద్యోగానికి పనికొస్తుందా?

జవాబు: మీ మనసు నొప్పించలేక స్నేహితులు బాగుందంటారు. పైగా వాళ్లలో చీరలు కొనేవాళ్లెందరు? ఇక అభిప్రాయాలు అడగడం ఆపండి. మీరెవరో తెలియని మనిషి చేతికి సైట్ ఇచ్చి, ఎక్కడ తడబడుతున్నారో పక్కన కూర్చుని చూడండి.

మొదటి విడతకు ఐదుగురు చాలు. వెబ్‌సైట్లు వాడటం ఎంత తేలికో పరిశోధించే జేకబ్ నీల్సన్ 2000లో ఇదే చెప్పారు: పదిహేనుమందితో ఒకేసారి పరీక్షించే బదులు, ఐదుగురితో చూసి, దిద్ది, మళ్లీ మరో ఐదుగురితో చూడమని. ఆన్‌లైన్‌లో చీరలు కొనే అలవాటున్నవాళ్లనే తెలిసినవాళ్ల ద్వారా వెతకండి. ఒకరైనా నలభై అయిదు దాటినవారు, ఒకరైనా పాత ఆండ్రాయిడ్ ఫోన్ వాడేవారు ఉండాలి.

ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు, వాళ్ల ఫోన్‌లోనే. ఇలా చెప్పండి: ‘మీ పిన్నిగారి గృహప్రవేశానికి రెండు వేలలోపు నిజాం అంచు కాటన్ చీర ఎంచుకుని, డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లండి. ఏమనిపిస్తే అది పైకే చెప్పండి.’ ఆ తర్వాత మీరు నోరు విప్పకూడదు. అసలు కష్టం ఇక్కడే. ‘ఎక్కడ నొక్కాలమ్మా?’ అని అడిగితే, ‘ఎక్కడ ఉంటుందనుకుంటున్నారు?’ అని తిరిగి అడగండి. ఒక్కసారి దారి చూపించారంటే ఆ లోపం మీకు ఇక కనిపించదు.

వాళ్లన్న మాటలు ఉన్నవున్నట్టు రాసుకోండి. ‘వివరాలు తక్కువ’ అని రాస్తే ఏం దిద్దాలో తెలియదు. ‘పేజీ రెండుసార్లు పైకీ కిందకీ జరిపి, జాకెట్టు ముక్క ఉందా అన్నారు’ అని రాస్తే వెంటనే తెలుస్తుంది.

చీరల సైట్లలో ఎక్కువగా దెబ్బతినేవి ఇవి: మడత పెట్టిన చీర ఫొటో తప్ప పల్లూ, అంచూ దగ్గర్నుంచి చూపకపోవడం, పొడవు ఐదున్నర మీటర్లా, జాకెట్టు ముక్క అందులోదా వేరేనా చెప్పకపోవడం, కొరియర్ ఖర్చు చివరి పేజీలో బయటపడటం, ఖాతా తెరిస్తే తప్ప కొననివ్వకపోవడం. కెమెరాలోంచి తీసిన నాలుగైదు ఎంబీల ఫొటో అలాగే పెడితే పేజీ ఈడుస్తుంది. సైజు తగ్గించే వెబ్‌పీ అనే ఫొటో ఫార్మాట్‌లోకి మార్చి 200 కేబీ లోపుకి తెండి. పేజీ వేగం కొలిచే గూగుల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో ఎల్‌సీపీ, అంటే తెర మీద అన్నిటికన్నా పెద్ద ఫొటో లేదా రాత కనిపించడానికి పట్టే సమయం, 2.5 సెకన్లు దాటకూడదు. వాపసు నియమాలు, ఫిర్యాదులు చూసే అధికారి పేరు, ఫోన్ నంబరు కూడా కనిపించాలి. 2020 ఈ-కామర్స్ నిబంధనలు అడిగేవే ఇవి, కొత్తవాళ్లకు ధైర్యమిచ్చేవీ ఇవే.

ఐదుగురిలో ముగ్గురు ఆగినచోటు ముందు దిద్దండి. ఒక్కరికి రంగు నచ్చకపోతే వదిలేయండి. ‘ధర ఎక్కువ’ అన్న మాట విని తొందరపడి తగ్గించవద్దు. చేనేత అని నమ్మకం కలగనప్పుడు కూడా ఆ మాటే వస్తుంది. మగ్గం మీదున్న చీర ఫొటో పెట్టండి, చేనేతేనని ధ్రువీకరించే ప్రభుత్వ గుర్తు హ్యాండ్‌లూమ్ మార్క్ ఉంటే చూపండి.

ఉద్యోగం సంగతి: యూఎక్స్ రీసెర్చ్ (సైట్లు, యాప్‌లు వాడేవాళ్ల అనుభవాన్ని పరిశీలించే పని) ఇంటర్న్‌షిప్‌లకు, ఈ-కామర్స్ ఎగ్జిక్యూటివ్ పోస్టులకు ఇది నిఖార్సయిన పని. ఏం చూశారు, ఏం మార్చారు, రెండో విడత ఐదుగురిలో ఎందరు చివరిదాకా వెళ్లారు అన్నది మార్పుకు ముందూ తర్వాతా తీసిన స్క్రీన్‌షాట్లతో రెండు పేజీల్లో పెట్టండి. వారం లెక్కలు చూసి అమ్మకాలు పెరిగాయని రాయకండి, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. స్క్రీన్ రికార్డు చేసేముందు వాళ్ల అనుమతి తీసుకోండి, పేర్లు తీసేయండి. సమయమిచ్చినందుకు తలా ఒక జాకెట్టు ముక్క చేతిలో పెట్టండి.