చెరకు తీసేసి జన్యుమార్పిడి చక్కెర దుంప వేయవచ్చా?

పూతలపట్టు దగ్గర రెండెకరాల చెరకు తీసేసి, కలుపుమందును తట్టుకునే జన్యుమార్పిడి చక్కెర దుంప వేయాలనుకుంటున్నారనీ, విత్తనం తెప్పిస్తానని ఒక వ్యాపారి అంటున్నాడనీ రాశారు. దయచేసి ఆ విత్తనం కొనకండి. మన దేశంలో రైతులు చట్టబద్ధంగా సాగు చేస్తున్న జన్యుమార్పిడి పంట 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి ఒక్కటే. దుంప మొక్క మొదట్లో మెల్లగా పెరిగి కలుపుకు లొంగిపోతుంది కాబట్టే అమెరికా రైతులు గ్లైఫోసేట్ అనే కలుపుమందును తట్టుకునే రకాలకు మళ్లారు. అయితే ఒకే మందును ఏళ్ల తరబడి కొట్టిన చోట దానికి లొంగని కలుపు పుట్టుకొచ్చింది.

మామూలు చక్కెర దుంప అయిదారు నెలల్లో చేతికొస్తుంది, నీరూ చెరకు కన్నా తక్కువే తాగుతుంది. అసలు చిక్కు అమ్మకంలో ఉంది. చెరకును రోలర్ల మధ్య పిండుతారు. దుంపనైతే సన్నని చీలికలుగా కోసి, వేడినీటిలో నానబెట్టి తీపిని రాబట్టాలి. మన బెల్లం గానుగలకు అది పనికిరాదు, తవ్విన దుంప మన ఎండలో ఎక్కువ రోజులు నిలవదు. కొనేవాడు రాతపూర్వకంగా ఒప్పుకోనిదే (నోటిమాట చాలదు) ఒక్క సాలు కూడా వేయవద్దు.

నీళ్లే మీ బాధయితే చెరకుకే డ్రిప్ పెట్టి, ఎండాకును తగలబెట్టకుండా సాళ్ల మధ్య పరచండి. తేమ నిలుస్తుంది, కలుపూ తగ్గుతుంది. రకాల ఎంపికకు తిరుపతి దగ్గరి పెరుమాళ్లపల్లె వ్యవసాయ పరిశోధన స్థానంలో అడగండి.